నల్ల గ్రానైట్ ఉన్న పాత వంటగదికి ఏ రంగు షట్టర్లు వేయించాలి?

మీరు రాసిన వివరాలు ముందు ఒకసారి క్లుప్తంగా చెబుతాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కదా. కొంపల్లిలో 14 ఏళ్ల కిందటి ఫ్లాట్. వంటగది 10 అడుగులు, 8 అడుగులు. ఎల్ ఆకారంలో గట్టు, దాని మీద సన్నటి బంగారు చుక్కలున్న నల్ల గ్రానైట్. గట్టు కింద కడప రాయి అరలు, వాటికి షట్టర్లు, అంటే తలుపులు, బిగించాలి. నేలకి ఐవరీ టైల్స్, గోడకి గంధం రంగు డాడో టైల్స్. ఈ రెండూ కదిలించే ఉద్దేశం లేదు. ఉన్న ఒక్క కిటికీ తూర్పున యుటిలిటీ బాల్కనీలోకి తెరుచుకుంటుంది. మీ ఆవిడకి నెమలికంఠం రంగు, తెలుపు కలిపిన గ్లాసీ (అద్దంలా మెరిసే) అక్రిలిక్ షీటు నచ్చింది. అమ్మగారేమో వంటగది ఆగ్నేయంలో ఉంది కాబట్టి ఎరుపో, కనకాంబరమో కనిపించాలంటున్నారు. కాంట్రాక్టరు "వాల్‌నట్, బీజ్ వేసేద్దాం సార్, అందరూ అదే వేయించుకుంటున్నారు" అంటున్నాడు, అంటే ముదురు చెక్క రంగు, లేత గోధుమ రంగు. మధ్యలో మీరు ఇరుక్కుని, అసలు గ్రానైటే మార్చేస్తే ఈ గొడవ ఉండదు కదా అని అడిగారు.

గ్రానైట్ జోలికి వెళ్లకండి. అది పగలగొట్టడం మొదలుపెడితే సింకు, డాడో కింది వరుస, ప్లంబింగ్ అన్నీ వెంట కదులుతాయి. షట్టర్లకి అనుకున్న డబ్బు అక్కడే సగం అయిపోతుంది. పైగా మీరు చెప్పిన వర్ణన చూస్తే అది బ్లాక్ గెలాక్సీ రాయిలా ఉంది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తవ్వే ఆ రాయి దేశదేశాలకు ఎగుమతి అవుతుంది. మన ఇంట్లో ఉన్నదాన్ని పాతబడిందని పీకేయడం ఏం న్యాయం? మెరుపు తగ్గి ఉంటే మళ్లీ పాలిష్ పట్టించండి, సరిపోతుంది.

ఇక రంగుల సంగతి. నేనైతే ఇలా చేస్తాను: కింది షట్టర్లకి నెమలికంఠంలో బూడిద రంగు కలిపినట్టుండే మెత్తని ఆకుపచ్చ నీలం, మెరుపు లేని మ్యాట్ లేదా స్వెడ్ ఫినిష్‌లో. పై షట్టర్లకి, అటకకి మీగడ వైపు కాస్త వాలిన తెలుపు. వాల్‌నట్ వద్దు. ఎరుపు, కనకాంబరం షట్టర్ల మీద వద్దు, వాటికి వేరే చోటుంది. ఎందుకో చెబుతాను.

చాలామంది కేటలాగ్ తెరిచి నచ్చిన రంగు మీద వేలు పెడతారు. పని అక్కడ మొదలుపెడితే చివర్లో గొడవే. వంటగదిలో మారని రంగులు ముందే బోలెడున్నాయి: నేల, డాడో, గట్టు, స్టీలు సింకు, చిమ్నీ. కొత్త రంగు వీటన్నిటి పక్కన నిలబడాలి. మీ ఇంట్లో ఆ మారని రంగులన్నీ వెచ్చటివే. ఐవరీలో పసుపు ఛాయ ఉంటుంది, గంధం రంగు సంగతి చెప్పక్కర్లేదు, గెలాక్సీలోని చుక్కలు కూడా బంగారు ఛాయలోనే మెరుస్తాయి. నమ్మకం కుదరకపోతే ఒక తెల్ల కాగితం తెచ్చి నేల టైల్ మీద, డాడో మీద ఆనించి చూడండి. 14 ఏళ్లుగా తెలుపే అనుకుంటున్న టైల్ కాగితం పక్కన పసుపు పచ్చగా కనిపిస్తుంది.

మీ ఆవిడ చూసిన ఫోటోలో ఉన్నది స్వచ్ఛమైన తెలుపు, షాపులో ఫ్రాస్టీ వైట్ అంటారు. ఆ ఫోటోలో నేల కూడా తెలుపో, లేత బూడిదో అయ్యుంటుంది. అదే తెలుపు మీ ఇంట్లో పైన పెడితే షట్టర్లు మెరుస్తాయి గానీ, డాడో ముసలిదైపోతుంది, నేల ఎంత తుడిచినా మాసినట్టే ఉంటుంది. కాబట్టి తెలుపు అనే మాట మీద ఆవిడతో వాదన పెట్టుకోకండి. తెలుపే వేయించండి, కాకపోతే డాడో టైల్ కంటే రెండు మెట్లు లేతగా, అదే వెచ్చదనం ఉన్న తెలుపు వెతకండి. గోడ మీదికెక్కాక అందరూ దాన్ని తెలుపనే అంటారు.

వాల్‌నట్ ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చెప్పొచ్చు. ముదురు చెక్క రంగు నల్ల గ్రానైట్ కింద పడితే రెండూ కలిసి ఒకే ముద్దగా కనిపిస్తాయి. గట్టు అంచు ఎక్కడుందో తెలియదు. వెలుతురు బాగా వచ్చే పెద్ద వంటగదిలో అది హుందాగానే ఉంటుంది. 8 అడుగుల వెడల్పు, బట్టలారేసిన బాల్కనీ మీదుగా వచ్చే వెలుతురు అంటే మాత్రం సాయంత్రం నాలుగింటికే లైటు వేయాలనిపిస్తుంది. కాంట్రాక్టర్లకి వాల్‌నట్ ఇష్టం ఎందుకంటే ఆ షీట్లు ఎప్పుడూ దొరుకుతాయి, అంచుల్లో కోత కాస్త అటూ ఇటూ అయినా చెక్క గీతల్లో కలిసిపోతుంది. ఆయన సౌకర్యం ఆయనది, తప్పు పట్టను. చెక్క రంగు ఉండాల్సిందేనని ఇంట్లో ఎవరైనా పట్టుబడితే లేత ఓక్ లాంటిది చూడండి, అది కూడా పైన. గీతలు మాత్రం అన్ని షట్టర్లకీ నిలువుగా ఒకే దిక్కున పోవాలని ముందే చెప్పాలి. షీటు మిగుల్చుకోవడానికి రెండు ముక్కలు అడ్డంగా తిప్పి కోస్తే జీవితాంతం కంటికి ఆనుతూనే ఉంటాయి.

అసలు కింద కూడా లేత రంగే వేస్తే గది ఇంకా పెద్దగా కనిపిస్తుంది కదా అని మీరు అడగొచ్చు. మామూలుగా అయితే అవుననేవాణ్ణి. కానీ మీ గట్టు కింద ఉన్నవి కడప రాయి అరలు. కొత్తగా ప్లైవుడ్ బాక్సులు చేయించకుండా వాటికే షట్టర్లు బిగిస్తామన్నారు. అలాంటప్పుడు షట్టర్‌కీ షట్టర్‌కీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంటుంది, ఆ సందులోంచి కనిపించేది ముదురు బూడిద రంగు రాయి. లేత క్రీమ్ షట్టర్లు వేస్తే ప్రతి సందూ పెన్సిల్‌తో గీత గీసినట్టు నల్లగా కనిపిస్తుంది. రాయి అరలు ఎప్పుడూ సరిగ్గా కొలతకి ఉండవు కాబట్టి ఆ గీతలు కూడా వంకరగానే ఉంటాయి. మధ్యరకం ముదురు రంగు వేస్తే ఆ సందులు అందులో కలిసిపోతాయి. మీ ఆవిడ చెప్పిన నెమలికంఠం కింద బాగుంటుందని నేను అనడానికి సగం కారణం ఇదే.

మరి ఆ రంగుని బూడిద వైపు ఎందుకు తగ్గించమన్నానంటే, చిన్న ముక్క మీద చూసిన రంగు 40 చదరపు అడుగుల మీద పరుచుకున్నాక ఇంకా గట్టిగా కొడుతుంది. షాపులో మడత మీద చూసిన చీర కట్టుకున్నాక వేరేగా కనిపించినట్టే ఇదీ. కేటలాగ్‌లో ముద్దుగా ఉన్న నెమలికంఠం మీ గదిలో గోల చేస్తుంది. దానికంటే కాస్త నీరసంగా, ఇదేం రంగు అనిపించేలా ఉన్నదే గోడంతా వేశాక సరిగ్గా కుదురుతుంది. సేజ్ గ్రీన్ కూడా ఈ కోవలోదే. గంధం రంగు డాడోతో బాగా పోతుంది, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంకో పని ఉంది, అది షాపుకి వెళ్లకముందే చేయాలి. వంటగదిలో ఇప్పుడున్న లైటు ఏది? పాత ఇళ్లలో ఎక్కువగా 6500 కెల్విన్ (వెలుతురు ఛాయకి కొలత) తెల్ల ట్యూబ్‌లైటే ఉంటుంది. దాని కింద మీగడ తెలుపు పాలిపోయి కనిపిస్తుంది, ఆకుపచ్చ నీలం అయితే ఆసుపత్రి గోడలా ఉంటుంది. పోనీ అని పసుపు పచ్చటి 3000 కెల్విన్ బల్బు పెడితే క్రీమ్ బాగా వెలుగుతుంది గానీ నీలం చచ్చిపోయి బురద ఆకుపచ్చ అవుతుంది. మీ రెండు రంగులకీ మధ్యేమార్గం 4000 కెల్విన్, షాపుల్లో నేచురల్ వైట్ అని అడిగితే ఇస్తారు. ముందు ఆ బల్బు మార్చండి. పై షట్టర్ల కింద లైటు పట్టీ వేయించే ఆలోచన ఉంటే అది కూడా 4000 కెల్విన్‌దే తీసుకోండి. సీలింగ్ ఒక రంగు, గట్టు మీద ఇంకో రంగు వెలుతురు పడితే ఒకే షట్టర్ రెండు రంగుల్లో కనిపిస్తుంది. నల్ల గట్టు వెలుతురుని మింగేస్తుంది కాబట్టి ఆ పట్టీ మీకు దాదాపు తప్పనిసరి అనే చెబుతాను. కూరగాయలు తరిగేటప్పుడు మన నీడ మన చేతుల మీదే పడకుండా కూడా ఉంటుంది.

బల్బు మార్చాకే నమూనాలు. తాళం చెవుల గుత్తిలా వేలాడే చిన్న ముక్కలు చూసి ఏదీ ఖాయం చేయకండి. కనీసం అడుగు చదరం ముక్క అడగండి, పెద్ద డీలర్లు ఇస్తారు. ఇవ్వకపోతే కాంట్రాక్టరు దగ్గర పాత పనుల్లో మిగిలిన ముక్కలుంటాయి. దాన్ని గట్టు మీద పడుకోబెట్టి చూడొద్దు. షట్టర్ నిలువుగా ఉంటుంది కాబట్టి ముక్కని కూడా గట్టు కింద, షట్టర్ వచ్చే చోటే టేపుతో నిలబెట్టి అంటించండి. పైదాన్ని డాడో పైన అంటించండి. పొద్దున ఏడింటికి ఎండ వచ్చేటప్పుడు, మధ్యాహ్నం లైటు లేకుండా, రాత్రి లైటు వేసి చూడండి. మూడు వేళల్లోనూ బాగుండే రంగు దొరకడం కష్టం. రెండు వేళలు బాగుండి, మూడోది భరించేలా ఉంటే తీసుకోవచ్చు. ఆ గదిలో మీ వాళ్లు ఎక్కువగా ఏ వేళ నిలబడతారో దానికి పెద్దపీట వేయండి. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇల్లయితే అది రాత్రే.

ఆ ముక్కలు చేతిలో ఉండగానే ఇంకో రెండు పరీక్షలు కానిచ్చేయండి. చిటికెడు పసుపు కాస్త నూనెలో కలిపి లేత రంగు ముక్క మీద పూసి రాత్రంతా వదిలేయండి. పొద్దున అంట్ల సబ్బుతో తుడవండి. నున్నటి ఫినిష్ అయితే చాలావరకు పోతుంది. గరుకుగా, చెక్క స్పర్శ తెలిసేలా ఉన్న లేత రంగుల్లో మాత్రం ఆ గుంతల్లో పసుపు మిగిలిపోతుంది. మన పోపులకి అలాంటి ఫినిష్ స్టవ్ దగ్గర పనికిరాదు. రెండోది, మీ బోరు నీళ్లు నాలుగు చుక్కలు ముదురు రంగు ముక్క మీద చల్లి ఆరనివ్వండి. నీళ్లు ఉప్పగా ఉన్న ఇళ్లలో సింకు కింది షట్టర్ మీద తెల్ల చారలు కడుతుంటాయి, ముదురు గ్లాసీ మీద అవి మరీ కొట్టొచ్చినట్టుంటాయి. కింద మ్యాట్ అనడానికి ఇదొక కారణం. ఇంకో కారణం, కింది షట్టర్లకి మోకాళ్లు, పిల్లల చేతులు, తుడుపు కర్ర, సిలిండర్ తగులుతూనే ఉంటాయి. ముదురు గ్లాసీ అక్రిలిక్ మీద వేలిముద్రలు, సన్న గీతలు దాచడం ఎవరి తరమూ కాదు.

అక్రిలిక్కే కావాలని మీ ఆవిడకి మనసులో ఉంటే పైన వేయించండి. లేత రంగు గ్లాసీ పైన ఉంటే వెలుతురుని తిరిగి గదిలోకి పంపుతుంది, జిడ్డు తుడవడం కూడా సులువు. స్టీలు పీచు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. పైన లామినేట్ (ప్లై మీద అతికించే పలచటి గట్టి షీటు), కింద లామినేట్ అయినా నష్టమేం లేదు, నా ఓటు అయితే దానికే. ప్లాస్టిక్ ఫాయిల్ అతికించిన మెంబ్రేన్ షట్టర్లు చవగ్గా ఇస్తామంటే స్టవ్ పక్కన వద్దనండి, వేడికి ఆ ఫాయిల్ అంచుల్లో లేస్తుంది. ఫోటోల్లో కనిపించే ఫ్రేము లాంటి గాడి డిజైన్లు కూడా ఆలోచించి తీసుకోండి. రోజూ తాలింపు పడే ఇంట్లో ఆ గాడుల్లో జిడ్డు, దుమ్ము కలిసి నల్ల గీతలా పేరుకుంటుంది. లేత రంగులో అయితే ఇంకా త్వరగా తెలుస్తుంది. సాదా పలక షట్టర్లే మనకి మేలు.

ఇక ఎన్ని రంగులు అన్నది. అందం లెక్క ఒకటుంటే, షీట్ల లెక్క ఇంకోటి ఉంటుంది. లామినేట్ షీటు 8 అడుగులు, 4 అడుగులు, అంటే 32 చదరపు అడుగులు. మీ కింది షట్టర్లు సుమారు 40 చదరపు అడుగులకి వస్తాయి, కోతలో పోయేది కలుపుకుంటే రెండు షీట్లు. పైవి, అటకవి కలిపి ఇంకో రెండు. మూడో రంగు ఒకే ఒక్క షట్టర్‌కి పెట్టినా పూర్తి షీటు కొనాల్సిందే. ముప్పావు భాగం కాంట్రాక్టరు గోడౌన్‌కి పోతుంది. 10×8 గదికి రెండు రంగులు దాటొద్దని నేననేది అందుకు కూడా. నేల, డాడో, గట్టు ముందే మూడు రంగులు. వాటి మీద మీరు రెండు కలుపుతున్నారు, ఐదయ్యాయి, చాలవా?

ఈ రెండు రంగులూ ఎక్కడ మారాలన్నది కూడా చూసుకోవాలి. గట్టు గీతే హద్దు: దాని కింద ఒకటి, పైన ఒకటి. మధ్యలో ఒక షట్టర్ వదిలి ఒక షట్టర్ రంగు మార్చే డిజైన్ ఒకటి ఈ మధ్య చూస్తున్నాను, చిన్న గదిలో అది చదరంగం బల్లలా అయిపోతుంది. టాల్ యూనిట్ (నిలువెత్తు అల్మరా) ఉంటే నేల నుంచి పైదాకా అంతా పై రంగే వేయండి. దాని నడుముకి గట్టు ఎత్తున రంగు మారిస్తే పెద్ద పెట్టె ఇంకా పెద్దగా కనిపిస్తుంది. అటక షట్టర్లకి వేరే రంగు వద్దు, పై గోడ రంగు కూడా దాదాపు అదే మీగడ తెలుపు వేయిస్తే అటక ఉందన్న సంగతే కంటికి ఆనదు.

అమ్మగారి ఎరుపు విషయానికొస్తే, వాస్తు మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. ఆగ్నేయం అగ్నిది కాబట్టి ఎరుపు, నారింజ ఛాయలు మంచివని చాలామంది నమ్ముతారు, ఆ నమ్మకాన్ని మన్నించడానికి షట్టర్లే ఎర్రగా ఉండక్కర్లేదు కదా. కిటికీ ఉన్న గోడలో డాడో పైన ఖాళీ జాగా ఉంటుంది. అక్కడ మెత్తని కనకాంబరమో, ఇటుక రంగో పెయింట్ వేయించండి. నీలం ఆకుపచ్చకి ఎదురుగా అది చక్కగా పలుకుతుంది. పొద్దున ఎండ ఆ కిటికీలోంచి వస్తుంది కాబట్టి ఆ గోడ మీద ఎండ సూటిగా పడదు, అందుకని రంగు మరీ ముదురుది కాకుండా చూసుకోండి. నచ్చకపోతే ఒక ఆదివారం మార్చేసుకునే రంగు అది. షట్టర్‌తో ఆ వెసులుబాటు లేదు. ఇంట్లో పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడేది అమ్మగారే అయితే మాత్రం ఆవిడ మాటకి ఇంకాస్త బరువివ్వండి. అప్పుడు కింద నెమలికంఠానికి బదులు మట్టి రంగు కలిసిన ఇటుక ఎరుపు వేసినా నల్ల గ్రానైట్ కింద బాగానే ఉంటుంది, పైన అదే మీగడ తెలుపు. మీ ఆవిడతో ఆ మాట మీరే మాట్లాడుకోవాలి.

సరదాకి ఒక ముచ్చట. ఇప్పుడు మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి ఆద్యం అనదగ్గది 1926లో మార్గరెటె ష్యూటె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఇళ్ల కోసం గీసిన వంటగది. అది మీ గది కంటే కూడా చిన్నది, సుమారు 1.9 మీటర్లు, 3.4 మీటర్లు. అందులో అల్మరాలకి నీలం ఛాయ వేశారు, ఈగలు ఆ రంగు మీద వాలవని అప్పట్లో అనుకునేవారట. ఈగల సంగతి ఎలా ఉన్నా, చిన్న వంటగదికి రంగు వేయకూడదనే భయం అనవసరమని మీ కాంట్రాక్టరుకి చెప్పడానికి పనికొస్తుంది.

లోపలి వైపు రంగు గురించి మీరు అడగలేదు, కానీ అడగాల్సిందే. షట్టర్ వెనక వైపు, పై బాక్సుల లోపల తెల్ల లామినేట్ తప్ప వేరేది ఒప్పుకోకండి. లోపల ముదురు రంగుంటే వెనక వరుసలో ఉన్న డబ్బా కనిపించదు, బొద్దింక అసలే కనిపించదు. కడప రాయి అరలకి కూడా లోపల తెల్ల టైల్ ముక్కలు పరిపించేవాళ్లున్నారు, ఖర్చు కలిసొస్తే చేయించండి. సింకు కింది షట్టర్‌కి మాత్రం మంచి ప్లై వాడమనండి, నీళ్లకి తట్టుకునే రకం, ఐఎస్ 710 ముద్ర ఉన్నది. లోపలి చెక్క ఉబ్బితే పైన ఏ రంగుంటే ఏం లాభం?

హ్యాండిల్స్ దగ్గర బంగారు రంగుకి టెంప్ట్ అవుతారు, గ్రానైట్‌లో చుక్కలకి మ్యాచ్ అవుతుందని షాపువాడు కూడా అంటాడు. మొదట్లో చూడ్డానికి బాగుంటుంది. తడి చేతులు, అంట్ల సబ్బు తగిలి ఆ పూత రెండు మూడు చోట్ల తగ్గిందంటే అంతా పాతగా కనిపిస్తుంది. సింకు, కుళాయి స్టీలే కాబట్టి స్టీలు మ్యాట్ హ్యాండిలే తీసుకోండి. లేదా చిమ్నీ నల్లటిదైతే మ్యాట్ నలుపు. గట్టు కింద గాడిలా వచ్చే ప్రొఫైల్ హ్యాండిల్ చూడ్డానికి నీట్‌గానే ఉంటుంది గానీ, దోసెల పిండి, పప్పు నీళ్లు గట్టు మీంచి కారి అందులోనే చేరతాయి. రోజూ తుడిచే ఓపిక ఉంటేనే.

షీట్లన్నీ ఒకేసారి, ఒకే బ్యాచ్‌వి తెప్పించమనండి. ఒకే నంబరు ఉన్నా బ్యాచ్ మారితే ఛాయలో తేడా వస్తుంది, పక్కపక్కన బిగించాకే అది తెలుస్తుంది. ఎడ్జ్ బ్యాండ్ (షట్టర్ అంచుకి అతికించే పట్టీ) కూడా షీటుతో పాటే, అదే ఛాయలో ఉందో లేదో ముక్క పక్కన పెట్టి చూడండి. ఆకుపచ్చ నీలానికి సరిపోయే బ్యాండ్ దొరకలేదని తెల్లది అతికిస్తే ప్రతి షట్టర్‌కీ గళ్ల గీత పడుతుంది. కోత అయ్యాక మిగిలిన ముక్కల్లో ఒక షట్టర్‌కి సరిపడేది మీ అటక మీద దాచుకోండి. మూడేళ్లకి ఏ షట్టరైనా దెబ్బతింటే ఆ నంబరు మార్కెట్లో ఉంటుందన్న నమ్మకం లేదు.

ఫ్రిజ్ వంటగదిలోనే పెడుతున్నారా, హాల్లోనా అన్నది మీరు రాయలేదు. లోపలే అయితే దాని రంగేంటో, ఏ మూలకి వస్తుందో చెప్పండి. దాని పక్కన వచ్చే పలకకి పై రంగు వేయాలా, కింది రంగు వేయాలా అన్నది దాన్ని బట్టే ఉంటుంది.